ఆమె లోపలికి వచ్చేదాకా

శుక్రవారం మధ్యాహ్నం మా వంటింట్లో గ్యాస్ పొయ్యికి తీరిక ఉండదు. శనివారం మా ఇంట్లో నిప్పు ముట్టించరు. మరుసటి రోజుకి కావలసినవన్నీ పొద్దుగూకే లోపే వండి పెట్టుకోవాలి. ఆ రోజు నేను పప్పు దించి, పోపుల డబ్బా అందుకున్నాను. మూత బిగుసుకుపోయింది. పొయ్యి పక్కనే నిలబడి దాన్ని తిప్పుతూ ఉన్నాను.

ముందు గదిలోంచి మావయ్యగారు అడిగారు. "ఏదో కాలుతున్న వాసనొస్తందమ్మా. మసిగుడ్డేమన్నా అంటుకుందా?"

"ఏం లేదండీ," అన్నాను. వెంట్రుకలు మాడినట్టు నాకూ వాసన వస్తూనే ఉంది. పొయ్యి కింద చూశాను, మసిగుడ్డ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

ఆయన లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఒక్క కేక వేశారు. "చెయ్యి! అమ్మాయ్, చెయ్యి తియ్యి!"

నా ఎడమ ముంజేయి ఉడుకుతున్న అన్నం గిన్నెకి ఆనుకుని ఉంది. లాక్కున్నాను. చర్మం కొంచెం గిన్నెకే అంటుకుని ఉండిపోయింది. నేను దాన్ని వేరే ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తూ నిలబడ్డాను. నొప్పి లేదు. కాస్త చురుక్కు కూడా అనలేదు. మావయ్యగారు కుండలో నీళ్ళు తెచ్చి చేతి మీద పోస్తుంటే, ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో కూడా నాకు తెలియలేదు. అప్పుడు భయం వేసింది.

ఆ చోట అంతకుముందు నుంచే పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. శోభి అనుకుని పసుపు రాసేదాన్ని. బచేలి మైనింగ్ కాలనీలో ఇనుపరాయి ధూళి ఎర్రగా అన్నింటి మీదా పేరుకుంటుంది. ఒంటి మీద ఒక మచ్చను ఎవరు పట్టించుకుంటారు?

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మావయ్యగారిది గుంటూరు వైపు పల్లె. తమను యూదులుగా చెప్పుకుంటూ, శనివారం పాటిస్తూ, తమ ధర్మగ్రంథం తోరా చదువుకునే కొద్ది తెలుగు కుటుంబాల్లో వాళ్ళదొకటి. ఆయన గనిలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తర్వాత అదే పనిలో మా ఆయన చేరారు. నాది దక్షిణాన కొంటా వైపు, సరిహద్దు పల్లె. మా ఇంట్లో ఈ ఆచారాలేవీ లేవు. పెళ్ళయి వచ్చాక, తోరాని ఏడాది పొడుగునా వారానికొక పాఠంగా విడగొట్టి చదువుతారనీ, చివరికి చేరగానే మళ్ళీ మొదలుపెడతారనీ తెలిసింది. శనివారం చదువు కోసం పక్క ఊరు కిరందుల్ నుంచి ఇంకో రెండు కుటుంబాలు ముందురోజే వచ్చి మా ఇంట్లో ఉండేవి. అందరూ ముందు గదిలో కూర్చుంటే మావయ్యగారు తెలుగులో చదివేవారు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని, చెవి అటూ మనసు ఇటూ పెట్టి వినేదాన్ని. కొన్ని వారాలు కథలు బాగుండేవి. కొన్ని వారాలు కొలతలూ, బలులూ, పేర్లూ. ఆవలింతలు వచ్చేవి.

సోమవారం మా ఆయన నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరు కుర్రవాడు, రాయపూర్ వైపు మనిషి. కాలిన చోటు చూసి, కట్టు కట్టించి, మచ్చ ఎన్నాళ్ళ నుంచి ఉందని హిందీలో అడిగాడు. తర్వాత దూదిని సన్నగా వత్తిలా పేనాడు. "ఆంఖ్ బంద్ కీజియే. నేనెక్కడ తాకితే అక్కడ వేలు పెట్టండి," అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. భుజం దగ్గర తాకాడు, వేలు పెట్టాను. మోచేయి దగ్గర తాకాడు, పెట్టాను. తర్వాత ఏమీ లేదు. ఏదో వెతుక్కుంటున్నాడేమో అనుకుని కాసేపు ఆగాను. చివరికి నేనే అన్నాను, "డాక్టర్ సాబ్, కానివ్వండి."

కళ్ళు తెరిచాను. దూది నా మచ్చ మీదే ఉంది. అతని వేళ్ళు దాన్ని అటూ ఇటూ కదుపుతూనే ఉన్నాయి.

"కుష్ఠ్ హై," అన్నాడు మెల్లగా. "ఘబ్రాయియే మత్, భయపడకండి. మందుంది, ఉచితంగా ఇస్తాం. పూర్తిగా తగ్గిపోతుంది. మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటదు. ఇంట్లో అందరినీ ఒకసారి తీసుకురండి, చూస్తాను."

తగ్గిపోతుంది అన్న మాట నా చెవికెక్కలేదు. నా కళ్ళ ముందు అమ్మమ్మ గుడిసె నిలబడింది. మా ఊళ్ళో, మా చేను దాటాక, అడవి మొదలయ్యే చోట ఉండేది అది. చిన్నప్పుడు అమ్మ వెంట అంబలి తీసుకుని వెళ్ళేదాన్ని. గట్టు మీద చిప్ప బోర్లించి ఉండేది. అమ్మ దాన్ని కర్రతో తిప్పి, ఎత్తు నుంచి అంబలి పోసేది. అమ్మమ్మ గుడిసె ముందు నిలబడి, కొంగుతో నోరు కప్పుకుని, "దగ్గరికి రాకు బిడ్డా," అనేది. ఆమెకు పెద్దరోగం అని చెప్పారు. నేను బడిలో ఉండగా ఆమె పోయింది. ఆ రోగంతోనే పోయిందన్నారు.

మోటార్ సైకిల్ మీద వస్తూ నేను మా ఆయన భుజం మీద చెయ్యి వెయ్యకుండా వెనక కడ్డీ పట్టుకుని కూర్చున్నాను.

మరునాడు నా కంచం, గ్లాసు, చాప వెనక వరండాలోకి మార్చుకున్నాను. ఎవరూ మార్చమనలేదు. ఎవరూ వద్దనలేదు కూడా, మా ఆయన ఒక్కరు తప్ప.

"డాక్టర్ చెప్పాడు కదా, అంటదని."

"చెప్పిండు. మీ నాయనకు చెప్పు," అన్నాను. అంతకుముందు సాయంత్రమే చూశాను మరి. నేను పెట్టిచ్చిన టీ తీసుకుని మావయ్యగారు అరుగు మీదకు వెళ్ళారు. కిటికీలోంచి చూస్తే, అటూ ఇటూ చూసి ఆ టీని క్రోటన్ మొక్క మీద పారబోస్తున్నారు. ఆకుల మీది ఎర్రధూళి కడుక్కుపోయి చారలు పడ్డాయి. ఆయన ఖాళీ గ్లాసు తెచ్చి, "బాగుందమ్మా," అన్నారు. నా తండ్రి పోయాక నేను తండ్రి అనుకున్న మనిషి. నాకు ఆ గ్లాసు తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

మందులు మొదలుపెట్టిన రోజు ఇంకో అదురు. బాత్రూములో ఎర్రగా మూత్రం చూసి నెత్తురనుకుని అరిచాను. మా ఆయన పరుగున వచ్చి తలుపు బాదారు. ఆ గోళీ రంగు అలా దిగుతుందని డాక్టరు చెప్పాడట. నేను వినలేదు, ఆయన నాకు చెప్పడం మరిచిపోయారు. తలుపుకు అటూ ఇటూ నిలబడి ఇద్దరం ఆ వారంలో మొదటిసారి నవ్వుకున్నాం.

శనివారం వచ్చింది. కిరందుల్ వాళ్ళకు నాకు ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పారు. నేను వెనక వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల మావయ్యగారు చదవడం మొదలుపెట్టారు.

ఆయన చదువుతున్నది చర్మం మీది మచ్చ గురించి. మచ్చ తెల్లగా ఉంటే యాజకుడు, అంటే వాళ్ళ పూజారి, ఏం చెయ్యాలి, లోతుగా కనిపిస్తే ఏం చెయ్యాలి, ఏడు రోజులు ఎలా విడిగా ఉంచాలి. తెలుగులో ఆ రోగానికి ఉన్న పేరు డాక్టరు చెప్పిన పేరే. ఆ మనిషి బట్టలు చింపుకోవాలి, జుట్టు విరబోసుకోవాలి, పై పెదవి కప్పుకోవాలి, నేను అపవిత్రుణ్ణని కేకలు వెయ్యాలి, జనం గుడారాలు వేసుకున్న పాళెం బయట ఒంటరిగా ఉండాలి.

పై పెదవి కప్పుకోవాలి. అమ్మమ్మ కొంగు. ఆమెకు ఈ పుస్తకం సంగతే తెలియదు. ఎవరు నేర్పారు ఆమెకు నోరు కప్పుకోవడం?

అందరూ భోంచేసి వెనక గదుల్లో నడుము వాల్చాక నేను ముందు గది గుమ్మం దగ్గరికి వెళ్ళాను. పెళ్ళయినప్పటి నుంచి మావయ్యగారి ముందు గొంతు పెంచింది లేదు. ఆ రోజు నా పుట్టింటి మాటే నోట్లోంచి వచ్చింది.

"ఏంది మామయ్యా ఇది? నేను ఇనాలనే సదివినవా? ఇంకోటి దొరకలేదా నీకు? నన్ను బయట కూసోవెట్టినవ్, సాలదా?"

ఆయన కుర్చీలో ముడుచుకుపోయారు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఈ వారానికి ఇదేనమ్మా. నేను ఎంచుకునేది కాదు. నిన్న చూసుకుంటే నాకే గుండె ఆగినంత పనైంది. ఈ వారం మానేద్దామా అనుకున్నా. నా పెళ్ళికి ముందు నుంచీ ఏ వారమూ మానలా. ఎట్టా మానను?"

"టీ పారబోసినవ్."

ఆయన తల దించుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "భయమేసిందమ్మా," అన్నారు చివరికి. "వచ్చే వారం కూడా ఇదే విషయం సాగుతుంది. సగంలో ఆపి నన్ను తిట్టొద్దు. చివరిదాకా విను."

వచ్చే వారం దాకా ఆగడం నా వల్ల కాలేదు. సోమవారం అందరూ బయటికి పోయాక ఇంట్లో ఉన్న ఇంకో తోరా ప్రతి తెచ్చుకుని వెనక వరండాలో నేనే చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు విన్నానే గానీ సొంతంగా ఒక్క పేజీ తెరవలేదు. మచ్చల లెక్క మళ్ళీ చదివాను. ఇంకా ముందుకు పోతే బట్టకు ఈ రోగం రావడం గురించి ఉంది. ఇంటి గోడకు రావడం గురించి ఉంది. ఆగిపోయాను. సాయంత్రం మావయ్యగారు వంటింట్లో మంచినీళ్ళు ముంచుకుంటుంటే కిటికీలోంచి అడిగాను.

"గోడకు కుష్టొస్తదా మామయ్యా?"

"ఏందమ్మా?"

"బట్టకు, గోడకు వస్తదని రాసుంది. మరి నా మచ్చ, గోడ మీది మచ్చ ఒకటేనా? గోడకు గోళీలిస్తరా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "మా పెద్దాళ్ళు చెప్పేవాళ్ళు," అన్నారు. "అసలు మాట వేరంట. అది ఈ రోగం కాదంట. తెలుగులోకి దించినాయన తనకు తెలిసిన మాట పెట్టాడంట. నేను చిన్నప్పుడు విన్నా. ఇన్నేళ్ళు అదే మాట చదువుతూ ఒక్కసారన్నా ఆగి ఆలోచించలా." ఆయన ముఖంలో నాకన్నా ఎక్కువ దిగ్భ్రమ కనిపించింది.

రెండో శనివారం కూడా నేను వెనక వరండాలోనే కూర్చున్నాను. ఆ రోజు పాఠం నయమైన మనిషిని తిరిగి తీసుకురావడం గురించి. ఆ మనిషి యాజకుడి ఇంటికి రాడు. యాజకుడే పాళెం దాటి బయటికి వెళ్ళి అతన్ని చూడాలి. రెండు పిట్టలను తేవాలి, ఒకదాన్ని పొలం మీదికి ఎగరనివ్వాలి. స్నానం, బట్టలు ఉతకడం, చెవికీ బొటనవేలికీ నూనె. ఒక్కో అడుగూ రాసి ఉంది. నేను వింటూ ఆశ్చర్యపోయాను. బయటికి పంపడానికి ఉన్న మాటలకన్నా లోపలికి తేవడానికి ఉన్న మాటలే ఎక్కువ.

లోపల చదువు ఆగింది. కుర్చీ ఈడ్చిన చప్పుడు. మావయ్యగారు తన పేము కుర్చీ మోసుకుంటూ వంటింట్లోంచి వెనక వరండాకి వచ్చారు. కిరందుల్ వాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆయన కుర్చీ నా చాపకు ఎదురుగా వేసి కూర్చున్నారు.

"నా కోడలికి కుష్టొచ్చింది," అన్నారు వాళ్ళకు వినబడేలా. "మందులు వాడతంది. తగ్గిపోతుంది. నేను పోయిన వారమే ఇక్కడికి వచ్చుండాల్సింది." తర్వాత నా వైపు తిరిగి, "ఫ్లాస్కులో టీ ఉందామ్మా?" అన్నారు.

నా గ్లాసులోనే పోశాను. తాగారు. కింద పడకుండా రెండు చేతులతో పట్టుకుని చివరి చుక్క దాకా తాగారు. కిరందుల్ నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె రాలేదు.

ఇంతటితో అంతా సర్దుకుని ఉండాలి. సర్దుకోలేదు. ఆయన బయటికి రాగలిగారు గానీ నేను లోపలికి వెళ్ళలేకపోయాను. ఇంట్లో అందరినీ డాక్టరు చూశాడు, ఎవరికీ ఏమీ లేదు. రాయపూర్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి నా చాప చుట్టి లోపల పడేస్తే, తను వెళ్ళిన రోజే మళ్ళీ తెచ్చుకున్నాను. వంట చేసేదాన్ని, గిన్నెలు కడిగేదాన్ని. శనివారం మాత్రం ముందు గదిలో అందరి మధ్యా కూర్చోవడానికి కాళ్ళు వచ్చేవి కావు. మావయ్యగారు కుర్చీ వంటింటి గుమ్మానికి దగ్గరగా జరుపుకుని నాకు వినబడేలా చదివేవారు. నేను వారం మధ్యలోనే ముందుగా చదివేసి, వరండాలోంచి ప్రశ్నలు అడిగేదాన్ని. వినే రోజుల్లో ఆవలింతలు తెప్పించిన భాగాలే ఇప్పుడు నన్ను పట్టుకుని కూర్చోబెట్టేవి. గుడ్డివాడి దారికి ఏదీ అడ్డం పెట్టొద్దన్న ఒక చిన్న మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. నా లోపల ఏదో కదులుతోందని తెలుస్తోంది. ఏమిటో తెలియదు.

తొలకరి పడ్డాక మా అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. కొంటా నుంచి బస్సులో సుక్మా, అక్కడ మారి బచేలి. రోగం సంగతి ఫోనులో చెప్పలేదు. వచ్చాక చెప్పాను. మచ్చ చూపించాను. అమ్మ దాన్ని చూసి, చాలాసేపు చూసి, "గోళీలు మింగుతున్నవా?" అని మాత్రం అడిగింది. ముట్టుకోలేదు. ఏడవలేదు. పక్కింటి వాళ్ళ కోళ్ళ గురించి మాట్లాడింది.

ఆ శనివారం అమ్మను ముందు గదిలో కూర్చోబెట్టారు. నేను నా చోటులో ఉన్నాను. బయట వాన. మావయ్యగారు చదువుతున్న పాఠంలో, ప్రజలను బానిసత్వంలోంచి నడిపించుకొచ్చిన నాయకుడి అక్కకు ఒళ్ళంతా మంచులా తెల్లబడుతుంది. తమ్ముడు దేవుణ్ణి వేడుకుంటాడు, ఊపిరి తీసుకున్నంత చిన్న ప్రార్థన. ఆమెను ఏడు రోజులు పాళెం బయట ఉంచుతారు. ఆమెను తిరిగి లోపలికి తెచ్చేదాకా అంత జనమూ ప్రయాణం ఆపేస్తారు.

అక్కడ మావయ్యగారు ఆగారు. పుస్తకం మూసిన చప్పుడు విన్నాను.

మా ఆయన వంటింట్లోంచి వచ్చారు. "నాన్న ఆపేశాడు. నువ్వు లోపలికి వస్తేనే మిగతాది చదువుతానంటున్నాడు."

"నేను రాను. సదువుకోమను," అన్నాను. కోపం వచ్చింది. అందరి ముందూ నన్ను ఇలా పిలవడమేమిటి?

లోపల అందరూ ఎదురుచూస్తున్నారు. దగ్గులు, పిల్లల గుసగుసలు, రేకు మీద వాన. ఎవరూ లేవలేదు. అమ్మకు ఈ పద్ధతులు తెలియవు. ఆమె గొంతు వినిపించింది.

"ఏందన్నా, ఆపినవ్?"

"మీ అమ్మాయి కోసం చెల్లెమ్మా. ఆమె లోపలికి వచ్చేదాకా ఆ జనం కదల్లేదంట. మేమూ కదలం."

తర్వాత అమ్మ మాట్లాడింది. మా అమ్మ కొత్తవాళ్ళ ముందు నోరు విప్పే మనిషి కాదు.

"అంతమంది ఆగిండ్రా? ఒక్క ఆడిదానికి?" అంది. "మా అమ్మకు ఎవలు ఆగిండ్రన్నా? మా అమ్మకు నయమైంది. సర్కారోళ్ళు గోళీలిచ్చిండ్రు, మింగింది. ఇంక రోగం లేదు, ఇంటికి తీస్కపోండ్రి అని డాక్టరు మా నాయనకు చెప్పిండు. నేను ఆడనే ఉన్న, నా చెవులతోని ఇన్న. తీస్కరాలే. ఊరు ఏమంటదో అని తీస్కరాలే. నయమైన మనిషిని ఆడనే ఉంచినం. ఎత్తు కెళ్ళి అంబలి పోసిన నేను. నయమైనంక గూడ ఎత్తు కెళ్ళే పోసిన."

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. వంటిల్లు దాటి ముందు గది మధ్యలో నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళు నేను నమ్మింది వేరు. అమ్మమ్మ రోగంతో పోయింది, రోగం వల్ల దూరంగా ఉంది, ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు, ఇదీ నా లోపల ఉన్న కథ. ఆ కథనే నేను వెనక వరండాలో చాప వేసుకుని పాటిస్తున్నాను. ఇప్పుడు అది అబద్ధమని అమ్మ నలుగురిలో చెబుతోంది. గట్టు మీద నిలబడి నేను చూసిన ముసలామెకు అప్పటికే ఏ రోగమూ లేదు. అయినా నోరు కప్పుకునే ఉంది.

"అమ్మా," అన్నాను.

అమ్మ కిందనే కూర్చుని ఉంది. నా ఎడమ చెయ్యి పట్టుకుని కిందికి గుంజింది. ఆమె పక్కన కూలబడ్డాను. మచ్చ మీద అరచెయ్యి పెట్టింది. నాకు తెలియలేదు, చూశాను కాబట్టి తెలిసింది.

"సదువన్నా," అంది అమ్మ. "వచ్చింది."

మావయ్యగారు పుస్తకం తెరిచారు గానీ చదవలేకపోయారు. నాకు అందించారు. ఆ ఇంట్లో అంతకుముందు ఆడవాళ్ళు పైకి చదవలేదు. నా గొంతు నాకే వింతగా వినిపిస్తుండగా, నా సరిహద్దు యాసలో, ఆగుతూ ఆగుతూ చివరిదాకా చదివాను. జనం మళ్ళీ నడవడం మొదలుపెట్టిన చోట అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

ఆ రాత్రి నుంచి వరండాలో పడుకోలేదు. దాని వల్ల నేను బాగైపోయానని చెప్పను. ఇప్పటికీ కొన్నిసార్లు అన్నం వడ్డిస్తూ చెయ్యి వెనక్కి తీసుకుంటాను. మందులు పూర్తయ్యాయి, డాక్టరు సంతకం చేశాడు. మచ్చ మీద కొంత స్పర్శ వచ్చింది, కొంత రాలేదు. ఆ పుస్తకం నన్ను ఓదార్చిందా అని అడిగితే, లేదనే చెబుతాను. మొదటిసారి చదివినప్పుడు భయపెట్టింది, తర్వాత అడిగించింది, చివరికి మా అమ్మ చేత నిజం చెప్పించింది. ఆ నిజం విన్న అదురు ఇంకా నాలో ఉంది. దాంతోనే నేను లేచి నిలబడ్డానని మాత్రం తెలుసు.

అమ్మ ఊరికి వెళ్ళాక చలికాలంలో ఫోను చేసింది. వాళ్ళ వాడలో ఒక పడుచు కోడలికి వీపు మీద మచ్చ కనబడిందట. అత్తవారు ఆమెను పశువుల కొట్టంలోకి మార్చబోతే అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తన ఇంటికి తెచ్చిందట. సుక్మా ఆసుపత్రికి బస్సులో తనే తీసుకుపోయిందట.

"ఊరోళ్ళు ఏమంటున్నరమ్మా?" అన్నాను.

"అంటరు. ఎందుకనరు? నా పక్కనే పండవెట్టుకున్న," అంది. తర్వాత ప్రతి వారం అడిగినట్టే అడిగింది. "ఈ వారం ఏం సదివిండ్రు?"

చెప్పాను. పెద్ద కొడుకుని కాదని చిన్న కొడుక్కి ఆశీర్వాదం ఇప్పించిన తల్లి కథ. అమ్మ అంతా విన్నది. "మరి ఆ తల్లి పెద్దోని మొకం మళ్ళ చూసిందా?" అంది.

"రాయలేదమ్మా."

"రాయాలె గదా," అంది అమ్మ కోపంగా, "ఇంక మీ మామనడుగు."